ఆ చేనులో పందులు పడలేదు

పరిశోధనకు విదేశం వెళ్లబోయే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి కదా, తీరిగ్గా ఉంటుందనుకుంటారు. తీరిక నాకు పడదు. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు, నిలబడితే చేతులు ఊరుకోవు. వాళ్లు సోఫాలో కూర్చుని స్వెట్టర్ల గురించీ, పచ్చడి సీసా విమానంలో పోనిస్తారా అనే దాని గురించీ అడుగుతుంటారు. నేను గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ నాకు తెలిసింది చెబుతాను. వాళ్లు అడగనిది ఇంకొకటి ఉంది. పుట్టిన ఊళ్లో నేర్చుకున్న మర్యాద సంచిలో సర్దకపోయినా మన కూడానే వస్తుంది. దాని వల్ల నా విద్యార్థిని ఒకామెకు ఏం జరిగిందో చెబుతాను. ఈ కథ చెప్పేటప్పుడు కూడా నేను కూర్చోలేను, మీరు ఏమీ అనుకోకండి.

తిరుపతిలో వ్యవసాయ శాస్త్రం చెబుతూ, పరిశోధన చేస్తూ రిటైరయ్యాను. ఉద్యోగమంతా వేరుశనగ మీదే గడిచింది. ఆ పిల్ల నా చివరి పీహెచ్‌డీ విద్యార్థిని. చంద్రగిరికి అవతల ఒక మెట్ట పల్లె. ఇంట్లో నాయన, అమ్మ, అవ్వ. ఉన్న పొలమంతా వాన మీద ఆధారపడిన వేరుశనగ చేనే. మొదటిరోజు దేని మీద పనిచేస్తావని అడిగాను. మిగతా పిల్లలు ఆ ప్రశ్నకు ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఒకటి చెబుతారు. ఈ పిల్ల, "భూమిలో ఉండిపొయ్యే కాయల మీద మేడం" అంది.

"ఏ కాయలమ్మా?"

"పెరికే కాలానికి వాన పడకపోతే నేల రాయి మాదిరి అయిపోతాది గదా మేడం. చెట్టు చేతికొస్తాది, కాయ ఆడనే ఉంటాది. మా నాయన ఏటా ఇదే తిట్టుకుంటాడు. ఏ రకం చెట్టుకు కాయ తెగదో ఎవురన్నా సూడగూడదా అని."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వేరుశనగ పువ్వు నేల పైన పూస్తుంది. దాని నుంచి ఊడ ఒకటి భూమిలోకి దిగి, కొసన కాయ కడుతుంది. ఊడ గట్టిదైతే పీకినప్పుడు కాయ చెట్టుతో వస్తుంది. లేకపోతే తెగి లోపలే ఉండిపోతుంది. ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో అచ్చం మన ఎర్రనేలలే ఉన్నాయి, అక్కడి రకాల్లో ఊడ గట్టిదని చెప్పేవాళ్లు. ఆ దేశంతో మాకు అప్పట్లో ఒక ఉమ్మడి పథకం నడుస్తుండేది. మన రకాలనూ వాళ్ల రకాలనూ పక్కపక్కన పెట్టి, కోసి, లెక్క తేల్చుకుని రావడానికి ఆ పిల్లకు ఒక పంటకాలం ఇచ్చారు. ఒకే ఒక్క పంట. రెండోసారి పంపేవాళ్లు లేరు, ఆమె రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గర పడింది. ఆ పంట పోతే పీహెచ్‌డీ పోయినట్టే. ఇది ఆమెకు తెలుసు, నాకు తెలుసు, నా బీపీకి కూడా తెలుసు.

వెళ్లిన కొత్తలో రోజూ ఫోన్ చేసేది. గొంతులో ఏడుపు దాచుకోవడం వచ్చేది కాదు. "మేడం, ఈడ మట్టి మా ఊరి మట్టే. వాసన కూడా అదే. మనుషుల మాట మాత్రం ఒక్కటీ తెలీదు" అనేది. పొద్దుగూకితే గెస్ట్‌హౌస్ గదిలో ఒక్కతే. కొన్నాళ్లకు గొంతు మారింది. వాళ్ల మొక్కజొన్న ముద్ద మన సంగటి మాదిరే ఉంటుందట. ఆకుకూరలో వేరుశనగ పొడి వేసి వండుతారట. "మన పక్కే మేడం వీళ్లు. సంగటి తినేటోళ్లు యాడున్నా ఒకటే" అంది ఒకరోజు. విని సంతోషించాను. అన్నీ మన ఊరి మాదిరే ఉండటం వల్ల వచ్చే చిక్కు గురించి అప్పుడు నాకు తట్టలేదు.

కోతలు దగ్గర పడ్డాక పథకం తరఫున నేనూ వెళ్లాను. విమానంలో కూర్చోలేక నడవలో తిరుగుతుంటే ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లు నన్ను సీట్లోకి పంపించింది. అక్కడి పరిశోధన క్షేత్రం ఒక శాస్త్రవేత్త చేతిలో ఉండేది. నా వయసు మనిషే, పొడగరి, మాట తక్కువ. పొద్దున లేస్తే రబ్బరు బూట్లు తొడుక్కుని చేలోనే ఉండేది. నా తిరుగుడు చూసి మొదటిరోజే, "మీరు కాస్త కూర్చుంటే నా కళ్లకు విశ్రాంతి" అంది. కూర్చున్నాను. ఆమె అటు తిరగ్గానే లేచాను.

పైరు చూస్తే నా కడుపు నిండింది. చేను మూడు పెద్ద భాగాలు. ఒక్కొక్క భాగంలోనూ అన్ని రకాలూ చిన్న చిన్న మళ్లుగా ఉన్నాయి. ఒకచోట తప్పు దొర్లినా ఇంకొకచోట సరిచూసుకోవాలని అలా మూడుసార్లు పెడతారు. భాగం చుట్టూ అంచు వరుసలు ఉంటాయి. అంచున ఉన్న చెట్టుకు ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోం. ముందు చెట్లు పీకాలి. తర్వాత మడి మడికీ తవ్వి, నేలలో తెగిపోయిన కాయలన్నీ ఏరి, ఏ మడి కాయలు ఆ మడి సంచిలో వేసి తూచాలి. ఆ రెండోసారి ఏరే కాయలే ఆమె థీసిస్.

ఆ రోజు పొద్దున్నే కూలీలు రెండు భాగాల్లో చెట్లు పీకేశారు. మూడో భాగం మర్నాటికి ఉంచాం. భోజనాలకని వాళ్లు వెళ్లారు. వచ్చాక తవ్వకం మొదలుపెట్టాలి. క్షేత్రం శాస్త్రవేత్త ఏదో పని మీద టౌనుకు వెళ్లింది. నేను షెడ్డులో తూకం యంత్రంతో తంటాలు పడుతున్నాను. గాలి విపరీతంగా ఉంది, ముల్లు నిలవడంలేదు. కిటికీ మూస్తే తలుపు కొట్టుకుంటోంది, తలుపు మూస్తే చీకటి. ఆ పిల్ల పీకిన చెట్ల సంచులు తెచ్చింది. ఇద్దరం తలుపుకు ఒక బస్తా అడ్డం పెట్టి, యంత్రం చుట్టూ అట్టపెట్టె నిలబెట్టి, చివరికి ఎలాగో తూకం వేశాం. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆకలి చచ్చిపోయేంత సేపు పట్టింది.

బయటికి వచ్చి చూస్తే చేలో ఆడవాళ్లు. ఎనిమిదిమందో పదిమందో ఉంటారు. రంగురంగుల గుడ్డలు నడుముకు చుట్టుకుని, వంగి, చేతులతోనూ కర్రలతోనూ నేల తవ్వుతున్నారు. పాట పాడుకుంటున్నారు. గట్టు మీద గంపల పక్కన వేరుశనగ కాయల కుప్ప ఉంది. రెండు భాగాల నేలా కల్లాపి చల్లడానికి ఊడ్చినట్టుంది. ఒక్క కాయ వదల్లేదు. అంత బాగా మా కూలీలు కూడా ఏరరు. అన్ని మళ్లవీ అన్ని రకాలవీ కలిసి ఒకటే కుప్ప.

నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు, తెలుగులోనే అరిచి ఉంటాను. ఆ ఆడవాళ్లలో పెద్దామె నడుము నిలబెట్టి, మమ్మల్ని చూసి, నవ్వుతూ కుప్ప వైపు చెయ్యి చూపించింది. ఆ పిల్ల కుప్ప దగ్గరికి వెళ్లి అక్కడే నేల మీద కూలబడింది.

"ఎవరు దిగమన్నారు వీళ్లను?" అన్నాను.

"నేనే మేడం."

"నువ్వా?"

"అంచు వరుసలు సూపించినా మేడం. ఆ వరుసలు మనం లెక్కపెట్టం గదా. అవి ఏరుకుంటారులే అని పిల్చినా. లోపలికి దిగతారనుకోలే."

"ఎందుకు పిలిచావే తల్లీ? నిన్ను ఎవరు అడిగారు?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. "గంపలెత్తుకోని గట్టు మీద నిలబడినారు మేడం. అచ్చం మా గట్టు మీద నిలబడినట్లే. మా అవ్వ చెట్లు పెరికినాక, పరిగె కోసం వచ్చినోళ్లను సూసీ సూడనట్లు ఎన్నడూ ఇంటికి రాలేదు. 'ఇంక దిగండమ్మా' అని చెప్పినాకనే ఇంటిదోవ పట్టేది. వాళ్లు నిలబడుంటే నేను ఎట్ల తిరుక్కోని పొయ్యేది?"

మన పల్లెలు తెలిసిన వాళ్లకు ఇది విడమరచక్కర్లేదు. కోత అయ్యాక నేలలో మిగిలింది పరిగె. దాన్ని ఏరుకునేవాళ్లు గట్టు మీద నిలబడతారు, నోరు తెరిచి అడగరు. చేను గలవాళ్లు పిలవాలి. పిలవకుండా వెళ్లిపోతే ఊళ్లో ఆ ఇంటికి పేరు పోతుంది. నేను పుట్టింది కూడా అలాంటి ఊళ్లోనే కాబట్టి ఆ పిల్లను తిట్టడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. కానీ కోపం ఎటూ పోలేదు. గట్టు చివరికీ కుప్ప దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను.

క్షేత్రం శాస్త్రవేత్త టౌను నుంచి వచ్చి జీపు దిగింది. చేను చూసింది, కుప్ప చూసింది, ఆడవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడింది. చాలాసేపు విని మా వైపు తిరిగింది.

"వీళ్లు ఏరుకోవడానికి రాలేదు. సంతకు వెళ్లే బండి కోసం దారి పక్కన నిలబడ్డారు. మీ అమ్మాయి చెయ్యెత్తి పిలిచి, నేల తవ్వి కాయలు ఏరినట్టు సైగ చేసిందట. పాపం, పరాయి దేశం నుంచి వచ్చిన పిల్ల, ఒక్కతే కష్టపడుతోంది, సాయం అడుగుతోందని దిగారు. ఈలోగా బండి వెళ్లిపోయింది."

"మీ దగ్గర పరిగె ఏరుకోరా?" అని అడిగాను.

"ఎందుకు ఏరుకోరు? కానీ ఈ ఊళ్లో దానికి ఎవరూ పిలవరు, వీళ్లే వస్తారు. చెయ్యెత్తి పిలిస్తే అది సాయానికే. సాయానికి పిలిచిన చోట సగం పని చేసి పోవడం వీళ్లకు నామోషీ. అందుకే చేనంతా ఏరారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మా పిల్ల వాళ్లకు పెట్టాననుకుంది, వాళ్లు మా పిల్లకు చేశామనుకున్నారు. మధ్యలో పీహెచ్‌డీ నలిగిపోయింది. ఆ పిల్ల లేచి, కళ్లు తుడుచుకుని, కుప్ప మొత్తం తీసుకెళ్లమని వాళ్లకు చెప్పించింది. వాళ్లు ఒప్పుకోలేదు. కూలికి చేయలేదన్నారు. చివరికి పెద్దామె ఒక గుప్పెడు తీసుకుంటే మిగతావాళ్లూ తలా గుప్పెడు తీసుకున్నారు. ఏం నష్టం జరిగిందో శాస్త్రవేత్త వాళ్లకు చెప్పబోతే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. "చెప్పొద్దండి, బాధపడతారు" అంది ఇంగ్లీషులో. కానీ ఆ పెద్దామెకు మా మొహాలు చూస్తే తెలిసిపోయింది. ఏదో పొరపాటు జరిగిందని తనే అడిగి చెప్పించుకుంది.

ఆ సాయంత్రం తిరుపతికి ఫోన్ చేశాను. మా విభాగాధిపతి నాకన్నా చిన్నవాడు, తెలివైనవాడు. చిక్కు ఏదైనా చెబితే అది పూర్తిగా వినకముందే ఉపాయం చెప్పేవాడు.

"దీనికేం మేడం? మొత్తం కుప్ప మన దగ్గరే ఉండాది గదా. మడికింత అని పంచి రాసేస్తే సరిపోతాది."

"అది లెక్క ఎలా అవుతుందండీ? ఏ మడిలో ఎంత మిగిలిందన్నదే కదా ఆమె చూడాల్సింది?"

"అట్లయితే అడవి పందులు పడినాయని రాయించండి. రెండు భాగాలు పందులు తినేసినాయి, ఒక భాగంతో సరిపెట్టినామని. మన చిత్తూరు జిల్లాలో ఎన్ని చేలు పందులు తినలేదు? ఆఫ్రికాలో పందులు ఉండవా ఏంది? ఎవురు పొయ్యి సూస్తారు?"

నేను ఫోన్ పెట్టేసి వరండాలో తిరిగాను. ఆయన మాట నాకు మింగుడు పడలేదు. కానీ ఆ పిల్ల ఊరూ, ఆ పిల్ల నాయనా కళ్లముందు మెదిలారు. తన తప్పు వల్లే పంట లెక్క పోయిందని రాస్తే ఏ పరీక్షకుడు ఊరుకుంటాడు? పందులైతే దైవికం. మనిషి పిలిస్తే అది నిర్లక్ష్యం, థీసిస్ వెనక్కి పంపుతారు. ఆమె దగ్గరికి వెళ్లి విభాగాధిపతి అన్నది అన్నట్టు చెప్పాను. "నీ థీసిస్ నీది. నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు" అని కూడా చెప్పాను. ఆమె సంగటి ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. "ఆలోచిస్తా మేడం" అంది.

తెల్లవారేసరికి గెస్ట్‌హౌస్ ముందు ఆ పెద్దామె నిలబడి ఉంది. ఈసారి ఆమె చెయ్యెత్తి మా పిల్లను పిలిచింది. శాస్త్రవేత్త తర్జుమా చేసింది: "మా చేలు ఇంకా పీకలేదు. నేల మీ చేనుకన్నా గట్టిగా ఉంది. మేం పీకుతాం, మిగిలింది నువ్వు తవ్వి చూసుకో. మా చేల్లో ఎవరు ఎక్కడ ఏరాలో నువ్వు చెబితే అక్కడే ఏరతాం."

అది క్షేత్రం కాదు, సొంత పొలాలు. ఒక చేను వాలుగా ఉంటుంది, ఒక చేనులో చీమల పుట్టలు ఉంటాయి. మేం తీసుకెళ్లిన రకాలు అక్కడ ఒక్కటీ లేవు. ఊళ్లో వేసే రెండు మూడు రకాలే ఉన్నాయి. అయినా ఆ పిల్ల తాళ్లు, మేకులు, సంచులు సర్దుకుని వాళ్ల వెనకాలే వెళ్లింది. మిగిలిన మూడో భాగం కూడా తవ్వుకుంది. నా గడువు అయిపోయి నేను విమానం ఎక్కే రోజుకి ఆమె ఎర్రమట్టి కొట్టుకుపోయి, ఆ ఆడవాళ్ల మధ్య ఎవరో గుర్తుపట్టలేనట్టు ఉంది. తాడుతో నాలుగు మూలలా కట్టిన చోటు దగ్గర వాళ్లు తాడును జాగ్రత్తగా దాటి నడవడం చూశాను.

తిరుపతి వచ్చాక నా ఉద్యోగం కూడా అయిపోయింది. శాలువా కప్పారు, వెండి దీపం ఇచ్చారు. ఆ పిల్లకు కొత్త గైడు మా విభాగాధిపతే. ఆమె తిరిగొచ్చి థీసిస్ రాస్తున్నన్నాళ్లు నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఏం రాసిందో నేను అడగలేదు. అడిగితే నా మాటకు తలొగ్గి మారుస్తుందేమోనని భయం. పొద్దున నడకకని బయల్దేరి, కాళ్లు తీసుకుపోతే కాలేజీ గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. గేటు దగ్గర మనిషి "ఏం మేడం, ఏమన్నా మర్సిపోయినారా?" అని అడిగేవాడు.

వైవా రోజు వచ్చింది. తిరుపతిలో వైవాకు ఒక సౌకర్యం ఉంది. బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి కొండ మీద దర్శనం టికెట్ ఉంటుంది. మనసు సగం అక్కడే ఉంటుంది కాబట్టి ప్రశ్నలు తగ్గుతాయి. మా విభాగాధిపతి ఆ పనిలో దిట్ట. కానీ ఈ పరీక్షకుడు ముందురోజే వచ్చి, దర్శనం చేసుకుని, గుండుతో దిగాడు. తొందరేమీ లేదు. కోస్తా మనిషి, పెద్దవాడు. థీసిస్ మొత్తం చదివి వచ్చాడని పేజీల మధ్య పెట్టిన కాగితపు ముక్కలు చూస్తేనే తెలిసింది. నేను వెనక వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడైనా లేచి పోవచ్చని.

నాలుగో అధ్యాయం దగ్గర ఆయన ఆగాడు. కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు. ఇంగ్లీషులో రాసిన దాన్ని మీకు తెలుగులో చెబుతున్నాను: "రెండు భాగాల్లో నేలలో మిగిలిన కాయలను, నా పిలుపు మీద వచ్చిన గ్రామ స్త్రీలు ఏరి ఒకే కుప్పగా పోశారు. పొరపాటు నాది. ఆ రెండు భాగాల లెక్కలు ఈ గ్రంథంలో లేవు."

మా విభాగాధిపతి ఆ పేజీ మొదటిసారి వింటున్నాడని ఆయన మొహమే చెప్పింది. సంతకం పెట్టినవాడు చదవాలని రూలేమీ లేదు కదా.

"ఇలా ఎవరైనా రాస్తారా అమ్మా?" అన్నాడు పరీక్షకుడు. "నేనూ నలభై థీసిస్‌లు చదివుంటాను. చేను పాడైన ప్రతిచోటా పందులో, వానో, గాలివానో ఉంటాయి. పందులు పడ్డాయని ఒక్క ముక్క రాసుంటే నేను అడిగేవాణ్ణి కూడా కాదు. ఇప్పుడు దీని మీద నేను నిన్ను వెనక్కి పంపవచ్చు, తెలుసా?"

"తెలుసు సార్."

"మరి?"

అంతవరకు తడుముకోకుండా ఇంగ్లీషులో చెబుతున్న పిల్ల అక్కడ తెలుగులోకి వచ్చింది, అదీ చంద్రగిరి అవతలి తెలుగులోకి.

"పందులు పడలేదు సార్. ఆ యమ్మలు సంతకు పొయ్యే బండి వదిలిపెట్టుకోని నా చేలోకి దిగినారు. నేనే చెయ్యెత్తి పిల్చినా. నేను పిల్చిన మనుషుల్ని పందులని ఎట్ల రాసేది సార్?"

లేచి పోదామని తలుపు పక్కన కూర్చున్నదాన్ని, లేవలేకపోయాను. పరీక్షకుడు గుండు తడుముకున్నాడు. ఐదో అధ్యాయం తీశాడు, ఆ ఊరి చేల్లో తవ్వి చూసిన అధ్యాయం. దాని మీద ఎంతసేపు అడిగాడంటే మాకు తెచ్చిన కాఫీలన్నీ చల్లారిపోయాయి. పుట్టలున్న చేను గురించి అడిగాడు, వాలు గురించి అడిగాడు, ఆ పెద్దామె ఎలా పీకేదో చేత్తో చూపించమన్నాడు. ఆ పిల్ల వంగి, లేని చెట్టును పట్టుకుని, కొంచెం పక్కకు తిప్పి లాగి చూపించింది. "సరే. డాక్టరేట్ ఇవ్వవచ్చని రాస్తున్నాను" అన్నాడు ఆయన.

గదిలో అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మా విభాగాధిపతి. నిలబడి మరీ కొట్టాడు. ఆ చప్పట్లకు ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.